నేల కింద దూరి చూశాకే బయానా ఇవ్వండి

ఇల్లూ వాకిలీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది విజయవాడ. తొమ్మిదేళ్లుగా జపాన్‌లోని ఒసాకాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నేను, నా భార్య, ఏడేళ్ల పాప ఇక్కడే ఉంటున్నాం. కారులో రెండున్నర గంటలు వెళితే వచ్చే ఒకాయామా కొండల్లో ఒక ‘ఆకియా’ చూశాం. ఆకియా అంటే మీకు తెలిసిందే, ఎవరూ ఉండకుండా వదిలేసిన ఇల్లు. 1962లో కట్టారట. 11 ఏళ్లుగా తాళం వేసి ఉంది. మట్టి గోడలు, పెంకుల కప్పు, వెనక చిన్న పొలం. ధర 180 మాన్, అంటే 18 లక్షల యెన్లు. నా భార్యకు చాలా నచ్చింది. మామయ్య గారు మాత్రం ‘సొంతవాళ్లే వదిలేసిన ఇల్లు మనకెందుకు, అందులో ఏం జరిగిందో ఏమో’ అని ఒకటే టెన్షన్ పడుతున్నారు. కొనొచ్చా? బాగు చేయడానికి మొత్తం ఎంతవుతుంది? ఇల్లుంటే పర్మనెంట్ రెసిడెన్సీ తేలికగా వస్తుందా?
– ఒక పాఠకుడు, ఒసాకా

జవాబు: మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. రాదు. జపాన్‌లో విదేశీయులు ఇల్లూ స్థలమూ కొనుక్కోవచ్చు, పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. కానీ ఆ కాగితం వీసాకు పనికిరాదు. ఎవరైనా ఏజెంటు అలా ఆశ పెడితే అతనితో మాటలు అక్కడితో ఆపేయండి. ఇంకో సంగతి, ఈ ఇంటికి బ్యాంకు లోన్ దొరకడం కష్టం. పన్ను లెక్కల్లో చెక్క ఇంటి ఆయుష్షు 22 ఏళ్లే. 1962 నాటి ఇల్లు బ్యాంకు దృష్టిలో ఎప్పుడో సున్నా అయిపోయింది. కాబట్టి చేతిలో ఉన్న డబ్బుతోనే లెక్క వేసుకోండి.

ఇక అసలు సంగతి. నేను కోనసీమలో పుట్టాను. సివిల్ ఇంజనీరుగా జపాన్ వచ్చి 24 ఏళ్లయింది. మేమూ మీలాగే ఒకాయామా జిల్లాలోనే 150 మాన్ పెట్టి ఒక ఆకియా కొన్నాం. అందులోనే ఉంటున్నాం. నేను ప్రేమించి బాగు చేసుకున్న ఇల్లు అది. అందుకే మీకు వద్దని చెప్పను. కానీ ధర చూసి మాత్రం కొనకండి. 180 మాన్ అనేది ఇంటి ధర కాదు, ఆ బరువు మీ చేతికి మారడానికి కట్టే రుసుము లాంటిది. యజమానికి దాన్ని పడగొట్టించాలన్నా అంతకు తక్కువ కాదు. ఉచితంగా ఇస్తామనే ఇళ్ల వెనక ఉన్న రహస్యం కూడా ఇంతే.

మేం ఇల్లు చూడటానికి వెళ్లిన రోజు మా వడ్రంగి మేస్త్రిని వెంట తీసుకెళ్లాం. ఇక్కడ పెద్ద మేస్త్రిని ‘తోర్యో’ అంటారు. ఆయనకప్పుడు 74 ఏళ్లు. ఇంట్లోకి వెళ్లి గోడలు చూడలేదు, కప్పు చూడలేదు. వెనక గదిలో ఒక తతామి చాప ఎత్తి, కింద పలకలు ఊడదీసి, టార్చి పట్టుకుని నేల కిందకు దూరాడు. నన్నూ రమ్మన్నాడు. జపాన్ పాత ఇళ్లలో నేలకూ మట్టికీ మధ్య ఒక మనిషి పాకేంత ఖాళీ ఉంటుంది. ఇంటి ఆరోగ్యమంతా అక్కడే తెలుస్తుంది. మట్టి పొడిగా ఉందా, దూలాల అడుగున తెల్ల బూజు ఉందా, రాళ్ల మీదుగా చెదల మట్టి గొట్టాలు పాకాయా అని చూసుకుంటూ పోయాం. స్నానాల గది వైపు వెళ్లేసరికి ఆయన ఒక స్తంభంలోకి స్క్రూడ్రైవర్ గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది. నా గుండె జారిపోయింది. ఆయన మాత్రం మిగతా 30 స్తంభాలూ ఒక్కొక్కటే గుచ్చి చూసుకుంటూ వచ్చి, ‘మూడే పోయాయి, ఇల్లు బతికే ఉంది’ అన్నాడు.

ఆ మూడింటికీ ‘నెత్సుగి’ చేశాడు. కుళ్లిన అడుగు భాగం కోసేసి, అంతే మందం కొత్త కర్రను గూటిలో కూర్చున్నట్టు కోత పెట్టి అతకడం. పైన ఉన్న ఇల్లు కదలకుండా జాకీల మీద నిలబెట్టి చేస్తారు. మా ఊళ్లో తాతగారి మండువా ఇంటికి నిలువు స్తంభాలు ఇలాగే కింద మార్చడం చిన్నప్పుడు చూశాను. ఇక్కడ మళ్లీ చూసినప్పుడు ఆ పెద్దాయన చేతుల మీద నాకు ఎంత నమ్మకం కుదిరిందో చెప్పలేను.

మా ఇల్లు ఎందుకు బతికిందో తర్వాత తెలిసింది. వంటింట్లో పాత గోడ క్యాలెండర్ల కట్ట దొరికింది. ఇంటావిడ ఏటా తుపాను వెళ్లిన మర్నాడు పెంకులు సర్దేవాడు ఎప్పుడు వచ్చాడో, ఎన్ని పెంకులు మార్చాడో రాసి పెట్టుకుంది. పాతికేళ్ల పాటు ఒక్క ఏడు కూడా మానలేదు. ఆమె వెళ్లిపోయాక ఎనిమిదేళ్లు ఖాళీగా ఉన్నా కప్పు కారలేదు. అందుకే దూలాలు నిలబడ్డాయి. మీ ఇంటి విషయంలోనూ నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఈ 11 ఏళ్లలో కప్పు కారిందా? అటక మీదకు ఎక్కి చూడండి. చెక్క మీద నల్లటి నీటి చారలు ఒకటి రెండు చోట్ల ఉంటే బాగు చేయించవచ్చు. పెద్ద దూలం మీద నీళ్లు ఏళ్ల తరబడి పడి ఉంటే, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. వాన పడుతున్న రోజు ఇంకోసారి వెళ్లి చూడండి. ఎండలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది.

భూకంపం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, పాప ఉంది కాబట్టి. జపాన్‌లో 1981 జూన్ 1 నుంచి కొత్త భూకంప నిబంధనలు వచ్చాయి. చెక్క ఇళ్లకు 2000లో ఇంకా గట్టి చేశారు. మీది ఆ రెండింటికీ ముందుది. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ మే నెలలో నేను అక్కడి వాజిమా పట్టణానికి వెళ్లాను. బరువైన నల్ల పెంకుల కప్పు చెక్కుచెదరకుండా నేల మీద కూర్చుని ఉంటుంది, దాని కింద ఉండాల్సిన ఇల్లు ఉండదు. అలాంటివి వీధి పొడవునా చూశాను. ఆ రోజు నుంచి పాత ఇల్లు కొంటామనే ఎవరికైనా ‘తాయిషిన్ షిన్‌దాన్’, అంటే భూకంప పరీక్ష చేయించకుండా ఒక్క రాత్రి కూడా పిల్లల్ని అందులో పడుకోబెట్టవద్దని చెబుతున్నాను. 1981కి ముందు కట్టిన చెక్క ఇళ్లకు ఈ పరీక్ష ఖర్చులో సాయం చేసే పురపాలికలు చాలా ఉన్నాయి. మీ ఊరి ఆఫీసులో అడగండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీ ఇంటి స్తంభాలు కాంక్రీటు పునాదికి బిగించకుండా రాళ్ల మీద ఊరికే నిలబెట్టినవయితే, మామూలు లెక్క దానికి సరిపోదు. అలాంటి పాత ఇళ్లు చేసిన అనుభవమున్న ఆర్కిటెక్టే చూడాలి. ఇంకా, మట్టి గోడలు పనికిరానివి అనుకోకండి. వెదురు తడిక కట్టి, వరిగడ్డి కలిపిన మట్టి మెత్తి కట్టిన గోడలు అవి. మన తడిక గోడలకు చుట్టాలు. భూకంపంలో పగుళ్లిచ్చి, మట్టి రాల్చి, ఆ ఊపును తమ మీద వేసుకుంటాయి. నేను వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీసేసి పెద్ద హాలు చేద్దామని గీత గీసి ఇచ్చాను. తోర్యో ఆ కాగితం మడిచి నాకే తిరిగి ఇచ్చాడు. ఆ గోడ తీస్తే తను పని చేయనన్నాడు. లెక్క వేసి చూస్తే ఆయన మాటే నిజం. ఇప్పుడు ఆ గోడలు అలాగే ఉంచి, పక్కన ప్లైవుడ్ పలకలతో ఇంకో నాలుగు చోట్ల బలం ఇచ్చాం.

కాగితాల సంగతి. అన్నింటికన్నా ముందు రోడ్డు చూడండి. స్థలం పట్టణ ప్రణాళిక పరిధిలో ఉంటే, 4 మీటర్ల రోడ్డును కనీసం 2 మీటర్ల మేర తాకాలి. లేకపోతే ఆ ఇల్లు ఎప్పుడైనా పడిపోతే మళ్లీ కట్టుకోనివ్వరు. 2025 ఏప్రిల్ నుంచి రెండంతస్తుల చెక్క ఇళ్లకు పెద్ద మరమ్మతులు చేయాలన్నా ముందే అనుమతి తీసుకోవాలి. స్తంభాలో దూలాలో కప్పో సగానికి మించి మార్చే పని అయితే అది పెద్ద మరమ్మతు కిందకే వస్తుంది. రెండోది, రిజిస్టర్‌లో యజమాని ఎవరు? చాలా ఆకియాలు ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉంటాయి. వారసులు ఎందరో, ఎక్కడున్నారో వాళ్లకే తెలియదు. 2024 ఏప్రిల్ 1 నుంచి వారసత్వ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు కాబట్టి, అది పూర్తయి ఒక్క పేరు మీదకు వచ్చాకే బయానా ఇవ్వండి. ‘షిహో షోషి’ అనే రిజిస్ట్రేషన్ నిపుణుడికి ఇచ్చే ఫీజు దగ్గర పొదుపు వద్దు. మూడోది మీరు మాటవరసకు రాసిన ఆ వెనక పొలం. పొలం కొనాలంటే ఆ ఊరి వ్యవసాయ కమిటీ అనుమతి కావాలి. కనీసం ఇంత విస్తీర్ణం ఉండాలన్న నియమాన్ని 2023 ఏప్రిల్‌లో తీసేశారు కాబట్టి మీకు ఇప్పుడు వీలుంది. కానీ ‘నేను సాగు చేస్తాను’ అని చెప్పి తీసుకుంటున్నారు, ఆ మాట నిలబెట్టుకోగలరా చూసుకోండి. కలుపు పెరిగితే మొదట ఇబ్బంది పడేది పక్క పొలం ముసలాయనే.

కొండల్లో ఇల్లు కదా, హజార్డ్ మ్యాప్, అంటే వరదలు, కొండచరియల ప్రమాదం ఉన్న చోట్లు చూపే మ్యాప్ చూశారా? కొండచరియల ఎర్ర జోన్‌లో ఉంటే వదిలేయండి, నా దగ్గర దానికి ఇంకో జవాబు లేదు. 2018 జులై వానల్లో మన ఒకాయామాలోనే కురాషికి నగరంలోని మాబీ ప్రాంతం మునిగిపోయింది. నీళ్లు వచ్చిన చోట్లు మ్యాప్‌లో ముందే రంగు వేసి చూపిన చోట్లతో దాదాపుగా సరిపోయాయి. మ్యాప్ అందరి ఇళ్లకూ ముందే అందింది.

ఎంతవుతుందన్నారు. మా లెక్క చెబుతాను, మీది వేరుగా ఉండవచ్చు. మూడేళ్లలో మరమ్మతులకు సుమారు 940 మాన్ అయింది. ఇంటి ధర కలిపితే దాదాపు 1,100 మాన్, అంటే కోటీ 10 లక్షల యెన్లు. అందులో అన్నిటికన్నా పెద్దది నేల, స్తంభాలు, చెదల మందు కలిపి 210 మాన్. ఆ మందు కూడా అయిదేళ్లకోసారి మళ్లీ కొట్టించాలి. వైరింగ్ పింగాణీ గుబ్బల మీద సాగే కాలం నాటిది, మొత్తం పీకేశాం. మరుగుదొడ్డి గుంత రకం, లారీ వచ్చి తోడుకు వెళ్లేది. దాని బదులు ‘జోకాసో’ అనే మురుగు శుద్ధి ట్యాంకు పెట్టించాం. దీనికి పురపాలిక సాయం ఉంది. కానీ అనుమతి పత్రం చేతికి రాకముందే, మేస్త్రి ఖాళీగా ఉన్నాడు కదా అని మేం తవ్వకం మొదలుపెట్టేశాం. ఒక్క యెన్ కూడా రాలేదు. ఇక్కడి సాయాలు చాలావరకు ఇంతే. ముందు దరఖాస్తు, తర్వాత మంజూరు, ఆ తర్వాతే పని. ఇంకో చిన్న లెక్క, 800 మాన్‌లోపు ఇళ్లకు 2024 జులై నుంచి బ్రోకరు 33 మాన్ దాకా తీసుకోవచ్చు. మీ 180 మాన్‌కు అది తక్కువేం కాదు, కలుపుకోండి.

మీ మామయ్య గారి భయాన్ని తేలిగ్గా తీసేయకండి. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ‘ఈ ఇంట్లో ఎవరైనా అకాల మరణం చెందారా?’ అని ఏజెంటును సూటిగా అడగండి. అడిగితే తెలిసింది చెప్పి తీరాలి. ఇక వదిలేయడం అంటారా, చాలా ఇళ్లు శాపం వల్ల ఖాళీ కాలేదు. పిల్లలు తోక్యోకో ఒసాకాకో ఉద్యోగాలకు వెళ్లారు, పెద్దవాళ్లు పోయారు. 2023 సర్వే ప్రకారం జపాన్‌లో 90 లక్షల ఇళ్లు ఖాళీ. మొత్తం ఇళ్లలో 13.8 శాతం. అందులో అద్దెకో అమ్మకానికో పెట్టనివి, సెలవుల ఇళ్లు కూడా కానివి 38.5 లక్షలు. కోనసీమలో తాళం వేసి ఉన్న మా పెదనాన్న గారి ఇంటి కథ కూడా వీటి కథే.

మా ఇంట్లో ‘బుత్సుదాన్’, అంటే పితృదేవతల మందిరం అలాగే ఉండిపోయింది. దాన్ని సామానుతో పాటు లారీలో ఎక్కించడానికి నాకు మనసు రాలేదు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, వాళ్లు గుడి పూజారిని తీసుకుని వచ్చి మంత్రాలు చదివించి, ఆ పెద్దల్ని సాగనంపి వెళ్లారు. ఇంటావిడ కూతురు గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. ఆ తర్వాతి ఆదివారం మేం గృహప్రవేశం చేసుకున్నాం. గ్యాస్ కనెక్షన్ రాలేదు, చేతి స్టవ్ మీద పాలు పొంగించాం. పక్కింటి అవ్వ గిన్నె పట్టుకుని వచ్చి, పాలు పొంగితే ఎందుకు చప్పట్లు కొడుతున్నారని అడిగింది. చెప్పాక తనూ కొట్టింది. మీరూ అమ్మినవాళ్లతో మాట్లాడి, ఆ పని సగౌరవంగా చేయించండి. మామయ్య గారిని పిలిపించి ఆయన చేతే పాలు పొంగించండి.

కొనే ముందు ఆ ఊరి సంఘం పెద్దను కలవండి. ఏటా కాలువలు బాగు చేసే రోజు, దారి పక్క గడ్డి కోసే రోజు ఉంటాయి. వాటికి రావాలి. శని ఆదివారాల్లో మాత్రమే వస్తారా, అక్కడే ఉంటారా అని ఆయన అడుగుతాడు. నిజం చెప్పండి. వారం వారం వెళ్లి కిటికీలు తెరవలేకపోతే తడి చేరి ఏడాదికే చాపలు ఉబ్బుతాయి. ఊరికే వదిలేస్తే పురపాలిక హెచ్చరిస్తుంది, వినకపోతే చిన్న ఇళ్ల స్థలాలకు పన్ను లెక్కించే విలువను ఆరో వంతుకు తగ్గించే రాయితీ కూడా పోతుంది. 2023లో చట్టం మార్చి, కూలిపోయే దశకు రాకముందే, సరిగా చూసుకోని ఇళ్లకు కూడా దీన్ని వర్తింపజేశారు.

నా సలహా ఒక్క మాటలో: తోర్యోను తీసుకెళ్లండి, నేల కిందా అటక మీదా బాగుండి, రోడ్డూ మ్యాపూ సరిపోయి, చేతిలో కనీసం 1,000 మాన్ ఉంటే కొనండి. వీటిలో ఒకటి తప్పినా మీ భార్యను ఒప్పించి ఇంకో ఇల్లు చూడండి. ఇళ్లకు ఇక్కడ కరువు లేదు.

ప్రశ్న: చెల్లెమ్మా, నేను భీమవరంలో రిటైరైన టీచర్ని. మా అబ్బాయి ఇటలీలోని మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సిసిలీలో ఒక్క యూరోకే పాత ఇల్లు ఇస్తున్నారు, బాగు చేయడానికి 20 లక్షలు పంపమంటున్నాడు. పంపవచ్చా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అన్నయ్య గారూ, ఒక్క యూరో ఇళ్లు అబద్ధం కాదు. సిసిలీలోని సంబూకా ఊరు 2019లో వేలం పెట్టి ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. కానీ వేలంలో ఒక యూరో మొదలు మాత్రమే, పాట పెరుగుతుంది. సాధారణంగా మూడేళ్లలో బాగు చేస్తానని రాసిస్తారు, కొన్ని వేల యూరోలు డిపాజిట్ కడతారు, గడువు దాటితే అది పోతుంది. రాతి ఇళ్లు కాబట్టి చెదల బాధ తక్కువ. కానీ గోడ పక్కింటితో కలిసి ఉంటుంది, సందుల్లోకి లారీ రాదు, ప్రతి ఇటుకా చేతి మీద మోయాలి. మిలాన్ నుంచి సిసిలీ దేశానికి ఈ చివర నుంచి ఆ చివర. మేస్త్రి పనిని ఎవరు చూస్తారో అబ్బాయిని అడగండి. దానికి జవాబు లేకపోతే డబ్బు పంపకండి.

పంపేటట్టయితే రిజర్వ్ బ్యాంకు పథకంలో ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. ఏడాదిలో పంపినది 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన దాని మీద బ్యాంకు టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను పట్టుకుంటుంది. రిటర్నుల్లో సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ అంతదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. మీరూ వదినగారూ చెరో సగం పంపితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. రిటైర్మెంటు డబ్బు మొత్తం మాత్రం దీనిలో పెట్టకండి, ఇది నా మనవి.

ప్రశ్న: అక్కా, నాగానోలో ఒక ఆకియా కొని టూరిస్టులకు అద్దెకిద్దామని ఇద్దరు స్నేహితురాళ్లం అనుకుంటున్నాం. మేం తోక్యోలోనే ఉంటాం. లాభమేనా?
– ఒక పాఠకురాలు, తోక్యో

జవాబు: తల్లీ, 2018 జూన్‌లో అమల్లోకి వచ్చిన ‘మిన్‌పాకు’ చట్టం ప్రకారం ఏడాదికి 180 రోజులే అద్దెకివ్వగలరు. కొన్ని చోట్ల స్థానిక నియమాలు ఇంకా తగ్గిస్తాయి. మీరు అక్కడ ఉండరు కాబట్టి రిజిస్టరైన నిర్వహణ సంస్థకు అప్పగించాలి, వాళ్లకూ వాటా పోతుంది. నాగానో చలి పాత ఇంట్లో వేరు. ఒంటి అద్దం అల్యూమినియం కిటికీలకు లోపలి వైపు రెండో కిటికీ బిగించకపోతే అతిథులు ఒక్క రాత్రి కూడా నిలవరు. నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి, రాత్రి పడుకునే ముందు నీళ్లు వదిలేసే మీట ఎక్కడుందో తెలియాలి. మంచు పడే ఊరయితే కప్పు మీది మంచు దింపాలి, ఆ పనిలో ఏటా మనుషులు పడి చనిపోతున్నారు. కొనే ముందు అదే ఊళ్లో జనవరి నెల ఒక అద్దె ఇంట్లో ఉండి రండి. వచ్చాక మళ్లీ రాయండి, అప్పుడు లాభం లెక్క వేద్దాం.